మూడు కోడిపుంజుల రివాల్వర్

సృష్టి ఆరో రోజున మా నానమ్మ అల్వీనా రోలీడర్ గనక ఏదెను తోటలో ఉండి ఉంటే, దేవుడు హవ్వను తీసుకొచ్చి చూపించగానే కళ్లజోడు సవరించుకుని, "ఈ పక్కటెముక అసలుది కాదు, తర్వాత అమర్చింది" అని తేల్చేసి ఉండేది. దేవుడంతటివాడు తడబడి, "నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగి ఉండేవాడు. ఇందులో రవ్వంత అతిశయోక్తి లేదు. నమ్మకపోతే కాన్సస్ పడమటి జిల్లాల్లో పాత రివాల్వర్లు దాచుకునేవాళ్లను ఎవరినైనా అడగండి. ముందు కాస్త తిడతారు, తర్వాత ఒప్పుకుంటారు.

అల్వీనాకు ప్రపంచంలో అనుమానం లేనిది ఏదీ లేదు. గుడ్లమ్మే మనిషి డజనులో ఒక చిన్న గుడ్డు అడుగున దాస్తాడని అనుమానం. చర్చి లాటరీలో ఏటా కుట్టుదుప్పటి ఫాదర్ గారి మేనకోడలికే ఎందుకు తగులుతుందని అనుమానం. రేడియోలో వాతావరణం చెప్పేవాడికి వడగళ్ల సంగతి ముందే తెలుసనీ, గోధుమ రైతుల మీద కక్షతో దాచిపెడతాడనీ అనుమానం. చెవిటి మిషను పెట్టుకోమని డాక్టరు చెబితే, "నాకు వినిపించడానికా, నా మాటలు ఇంకెవరికైనా వినిపించడానికా?" అని అడిగి వచ్చేసింది. ఈ అనుమానాలన్నిటికీ ఆమె దగ్గర ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉంది. ఎడమవైపు మనిషి పేరు, కుడివైపు అనుమానం. తీరిన అనుమానం మీద గీత కొడుతుంది. గీతలు బహు తక్కువ.

ఈ గుణం పుట్టుకతో వచ్చిందో ఉద్యోగంతో వచ్చిందో చెప్పడం కష్టం. జిల్లా ఆఫీసులో బండ్ల నెంబరు ప్లేట్లు ఇచ్చే కిటికీ వెనక ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుంది. రేకు మీద గుద్దిన అంకెల మొహాలు ఆమెకు చుట్టాల మొహాల్లా తెలుసు. నాలుగు అంకె నడుం కాస్త ముందుకు వంగినా, తొమ్మిది బొజ్జ కాస్త నిండినా, "ఈ ప్లేటు మాది కాదయ్యా, ఎవరు కొట్టించారు?" అని కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేది.

ఆ కళ్లు రివాల్వర్ల మీద పడింది 1974లో. తాతయ్య లియో ఒక రైతు ఇంటి వేలంలో ఊరగాయ జాడీల పెట్టె పాడుకున్నాడు. జాడీల అడుగున పిండిసంచిలో చుట్టిన పాత రివాల్వర్ ఒకటి దొరికింది. తాతయ్య దాన్ని గోడకు తగిలిద్దామన్నాడు. అల్వీనా మేకు కొట్టనిచ్చేముందు దాని పిడి చెక్కలు విప్పింది. అప్పట్నుంచి ఆ గోడ ఖాళీగానే ఉంది.

అది విట్కమ్-సేయర్ వాళ్ల రివాల్వర్. ఆ ఫ్యాక్టరీ మూతపడి వందేళ్లయింది. మూతపడ్డ రెండేళ్లకు దాని చిట్టాలన్నీ అగ్నికి ఆహుతయ్యాయి. ఏ రకం ఎన్ని చేశారో, ఎవరికి పంపారో చెప్పే కాగితం ముక్క మిగల్లేదు. అందుకని వాటిని పోగుచేసేవాళ్లు రివాల్వర్లనే పక్కపక్కన పడుకోబెట్టి వాటినే సాక్ష్యం అడుగుతారు. అన్నిటికీ నాలుగు మరలుంటే ఒకదానికి ఐదెందుకున్నాయి? ఈ గొట్టం అరంగుళం పొట్టిగా ఎందుకుంది? ఆ తేడా ఫ్యాక్టరీలోనే పుట్టిందని తేలితే అదొక కొత్త రకం, దానికో పేరు, వాళ్ల సంఘం పుస్తకంలో ఒక పేజీ. ఎవడో కొట్టంలో కూర్చుని ఆకురాయితో రుద్దాడని తేలితే అది వట్టి పాడైపోయిన తుపాకి. ఆ రెంటి మధ్య తగాదాలోనే వాళ్ల జన్మలు గడిచిపోతాయి.

జాడీల అడుగున దొరికినదాని ఎడమ పిడి చెక్క కింద, ఇనుప చట్రం మీద, మూడు చుక్కలున్నాయి. సూదిమొన పంచుతో కొట్టిన చిన్న గుంటలు. ఒక్కో చుక్కకూ కామాకు ఉన్నట్టు సన్నని తోక. అలాంటివి అంతకుముందు ఎవరూ చూసినట్టు చెప్పలేదు. అల్వీనా సంఘానికి పదకొండు పేజీల ఉత్తరం రాసింది. నూటనలభై మంది మగవాళ్ల సంఘం అది. మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఇంటికెళ్లి, తలుపులేసుకుని తమవాటి పిడులు విప్పారు. ఆరేళ్లలో మూడు చుక్కలవి ఇంకో నాలుగు బయటపడ్డాయి. ఒకటి, రెండు చుక్కలవి కొన్ని దొరికితే తనిఖీ సగంలో ఆగినవని పక్కన పెట్టేశారు. అన్నీ మా చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లోనే. ఈ ప్రాంతపు ఇనుప సామాన్ల వర్తకుడెవరో ప్రత్యేకంగా చేయించుకున్నాడనీ, ఫ్యాక్టరీ తనిఖీ గుమాస్తా ఒక్కోదాన్నీ మూడుసార్లు పరీక్షించి మూడు చుక్కలు కొట్టాడనీ అల్వీనా తేల్చింది. సంఘం ఒప్పుకుంది. పుస్తకంలో అరవై రెండో పేజీలో 'తొమ్మిదో రకం, రోలీడర్ రకం' అని అచ్చయింది. ఆడమనిషి పేరున్న రకం అదొక్కటే.

ఆ పేరు తనకు గుర్తే ఉండదంటుంది. వంటింటి అల్మారాలో ఉన్న ఆ పుస్తకాన్ని ఎవరు తీసినా అరవై రెండో పేజీ దగ్గరే తెరుచుకుంటుంది. దాని తప్పు కాబోలు.

జాడీల అడుగున రివాల్వర్ దొరికిన ముప్పై తొమ్మిదేళ్లకు, ఆమెకు డెబ్బై ఒకటి నడుస్తుండగా, ఒక మంగళవారం పొద్దున ఓర్విల్ స్టుకీ అనే మనిషి వచ్చాడు. విచిటలో పాఠశాల బస్సులు నడిపి రిటైరైనవాడు. సంఘం పుస్తకం దిద్దే వెర్నన్ క్లాసెన్ అతన్ని పంపాడు. పుస్తకం నాలుగో ముద్రణ ప్రెస్సుకు పోతోంది. ఇతని రివాల్వర్ తొమ్మిదో రకమేనని అల్వీనా ఒక్కమాట చెబితే చాలు, ఆరోదిగా చేర్చేస్తాడు.

ఓర్విల్ గిన్నెలు తుడిచే గుడ్డలోంచి దాన్ని తీసి బల్లమీద పెట్టాడు. తూటాల చక్రం తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని ఆమెకు చూపించాడు. ఆ మర్యాద తెలిసినవాడని అల్వీనా లోలోపల గుర్తించింది. మొహం మీద మాత్రం గుర్తించినట్టు కనపడనివ్వలేదు.

"ఎక్కడిది?"

"మా ఆవిడ వాళ్ల తాతదమ్మా. లీబెంతాల్ దగ్గర పొలం ఉండేది వాళ్లకి. మా ఆవిడ పోయాక అటకమీద దొరికింది."

"అటకమీద దొరికినవన్నీ అటకమీద పుట్టవు. నెంబరు?"

ఓర్విల్ చెప్పాడు. అల్వీనా కనుబొమలు కలిశాయి. సంఘం కట్టిన నెంబర్ల లెక్కలో తనకు తెలిసిన ఐదూ 1889వి. ఈ నెంబరు 1903ది. ఒక వర్తకుడికి ఒకసారి చేసిన రకం పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు పుట్టింది?

"చుక్కలు దొంగవి," అంది.

"ఇంకా పిడి విప్పలేదు కదమ్మా!"

"విప్పక్కర్లేదు. అయినా విప్పుతా. ఇక్కడ ఉంచి వెళ్లు, గురువారం రా."

ఓర్విల్ కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. "క్షమించాలి, అది కుదరదు."

"ఏం?"

"నేను వెళ్లాక మీరు పిడి మార్చేస్తే?"

ముప్పై తొమ్మిదేళ్లలో అల్వీనాను ఎవరూ అనుమానించలేదు. ఆమె ఎర్ర పుస్తకం తీసి అతని పేరు రాసింది, అతనికి కనపడేలా, పెద్ద అక్షరాలతో.

"అయితే ఇక్కడే కూర్చో. కళ్లార్పకుండా చూడు. కానీ ఊరికే కూర్చుంటే నాకు నచ్చదు. ఆదివారం చర్చి భోజనాలకి సాసేజ్‌లు చెయ్యాలి. ఆ మిషను పిడి తిప్పుతావా?"

బల్ల ఆ చివర ఇనుప సాసేజ్ మిషను బిగించి ఉంది. మా తాతయ్య తల్లి క్రిసెన్షియా కాలం నాటిది. ఓర్విల్ చొక్కా చేతులు మడిచి, పేగులోకి మాంసం కూరుతూ పిడి తిప్పసాగాడు. ఒక కన్ను పేగు మీద, ఒక కన్ను రివాల్వర్ మీద.

అల్వీనా మొదట మరల తలలు చూసింది. గాడులు చెదరలేదు. గొట్టం మీది అక్షరాల అంచులు వేలికి తగులుతున్నాయి, అంటే ఎవరూ కొత్త మెరుగు కోసం రుద్దలేదు. పిడి చెక్కలు విప్పి లోపలివైపు చూసింది. ఫ్యాక్టరీలో పెన్సిలుతో రాసిన నెంబరు చట్రం మీది నెంబరుతో సరిపోయింది. దొంగ సరుకైతే ఈపాటికి ఎక్కడో ఒకచోట పట్టుబడేది. ఆమెకు చిరాకు పుట్టింది.

చుక్కల మీద భూతద్దం పెట్టింది. మూడు. ఒక్కోదానికీ తోక. తోకలన్నీ ఒకేవైపు. గుంటల్లో పాతబడిన గోధుమరంగు తుప్పు. నిన్నో మొన్నో కొట్టినవి కావు.

"ఏమంటోంది?" అన్నాడు ఓర్విల్.

"తిప్పు."

తనదాన్ని తెచ్చి పక్కన పెట్టింది. అవే చుక్కలు, అదే పంచు. మొన విరిగిన పంచు ఒకటే వేస్తుంది అలాంటి తోక. అయితే ఒక సంగతి ఆమెను గుచ్చింది. ఫ్యాక్టరీ గుర్తులన్నీ ముందు కొడతారు, తర్వాత ఇనుముకు నీలం రంగు ఎక్కిస్తారు. అందుకని గుర్తుల లోపల కూడా నీలం ఉంటుంది. ఓర్విల్ తెచ్చినదాని చుక్కల్లో నీలం లేదు. రంగు ఎక్కాక కొట్టినవి. తనదాన్లోనూ లేదు. 1974లోనే చూసింది అది. చిట్టచివరి తనిఖీ కాబట్టి రంగు తర్వాత కొట్టి ఉంటారని పదకొండు పేజీల ఉత్తరంలో ఏడో పేజీలో తనే రాసింది. ఆ వాక్యం ఇప్పుడు జ్ఞాపకం వస్తే చెప్పులో రాయిలా ఉంది.

మధ్యాహ్నానికి సాసేజ్‌లు అయిపోయాయి. అల్వీనా క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బీరాక్ బన్నులు పెట్టింది. ఓర్విల్ ఎనిమిది తిన్నాడు. ఆ అంకె కూడా పుస్తకంలోకెక్కింది. తిన్నందుకు మొహమాటపడి, మిషను విప్పి తొట్టిలో కడగడం మొదలుపెట్టాడు. బోర్లించి, దాని కాలి కింది జిడ్డు గోకుతూ ఆగాడు.

"ఇదీ విట్కమ్-సేయర్ వాళ్లదేనా అమ్మా?"

"ఏది?"

"ఈ మిషను. కాలి కింద రెండు చుక్కలున్నాయి."

అల్వీనా లేచిన తొందరకి కుర్చీ వెనక్కి పడింది. మిషను లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. రెండు చుక్కలు, రెండు తోకలు.

"నువ్వే కొట్టావు," అంది.

"దేంతో కొట్టానమ్మా, చెంచాతోనా?"

"జేబులు చూపించు."

పాపం, చూపించాడు. కారు తాళాలు, మిఠాయి బిళ్లలు, వాళ్లావిడ ఫొటో. అల్వీనా ఫొటోను తిరిగి అతని చేతికిచ్చి, తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. చుక్కల్లో నలభై ఏళ్ల సాసేజ్ జిడ్డుంది, దాని అడుగున తుప్పుంది. అది ఓర్విల్ చేతిలో పని కాదు.

ఊళ్లో ప్రతి వస్తువు అడుగూ తిప్పి చూసిన మనిషి, తన వంటింట్లో తన చేత్తో వేలసార్లు కడిగిన మిషను అడుగు ఎన్నడూ చూడలేదు. సొంతదాన్ని ఎవరు అనుమానిస్తారు?

"మా అత్త..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

క్రిసెన్షియా ఆ మిషను బయటికి తీసిన ప్రతిసారీ ఒకటే తిట్టు తిట్టేది. 1930ల దుమ్ముతుఫానుల కాలంలో రెండుసార్లు విరిగిందనీ, కూడలిలో కమ్మరం చేసే ఆంటన్ వాసింగర్ రెండుసార్లు బాగుచేసి, రెండుసార్లు మంచి కోడిపుంజును పట్టుకుపోయాడనీ. అప్పట్లో ఎవరి దగ్గరా డబ్బు ఆడేది కాదు. రెండుసార్లు. రెండు చుక్కలు.

"అయితే నాది నిజమైనదేనా?" అనడిగాడు ఓర్విల్. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"శనివారం సలైనాలో సంఘం ప్రదర్శనకి తీసుకురా. అక్కడ చెప్తా."

ఒక్క మిషను చెప్పిన సాక్ష్యం అల్వీనాకు ఆనదు. బుధవారం, గురువారం ఊరిమీద పడింది. కారు నేను నడిపాను, ఆవిడ ఇళ్లలోకి నడిచింది. ఎవరింటికెళ్లినా ముందు కుశలప్రశ్నలు లేవు, సరాసరి పాత ఇనుప సామాన్లు బోర్లించడమే. చర్చి పక్కతలుపు గొళ్లేనికి ఒక చుక్క. ఒక కాఫీగింజల మిల్లుకు ఒక చుక్క. ఆమె పాత స్నేహితురాలు ఒటీలియా ఇంటి కొట్టంలో మొక్కజొన్న ఒలిచే యంత్రం దగ్గర అల్వీనా మోకాళ్లమీద కూర్చుంది.

"ఏమే అల్వీనా, అది కూడా పేలుతుందా ఏంటి?" అంది ఒటీలియా, నడుం మీద చేతులేసుకుని.

"నోర్మూసుకుని దీపం పట్టు. ఇది ఎన్నిసార్లు బాగుచేయించారే?"

"అబ్బో! మా నాన్న దీన్ని వాసింగర్ దగ్గరికి మోసి మోసి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఐదుసార్లు. నాలుగుసార్లకి పుంజులైపోయాయి. ఐదోసారి గుడ్లుపెట్టే పెట్టనిచ్చాడు. మా అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు."

అల్వీనా దీపం వెలుగులో లెక్కపెట్టింది. ఐదు. ఐదోది మిగతావాటికి కాస్త దూరంగా ఉంది.

శుక్రవారం వెర్నన్ ఫోన్ చేశాడు. "అల్వీనా, అరవై రెండో పేజీ పంపించెయ్యనా? ఓర్విల్ తెచ్చినదాన్ని చేర్చేస్తున్నా. సరే అంటే చాలు."

"రేపటిదాకా ఆగు."

"నీకిప్పుడు దేనిమీద అనుమానం? అది నీ రకమే కదా!"

"అందుకే ఆగమంటున్నా."

ఫోను పెట్టేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా రివాల్వర్, సాసేజ్ మిషను. ఓర్విల్‌కి తెలియదు. ఒటీలియాకి తెలియదు. మిషను మళ్లీ బల్లకు బిగించేస్తే, ఇంకో నలభై ఏళ్లు దాని అడుగు ఎవరూ చూడరు. అరవై రెండో పేజీ అలాగే ఉంటుంది, తను పోయాక కూడా ఉంటుంది. సమాధిరాయి మీద పేరుకన్నా నలుగురూ చదివేది అదే.

ఇంకెవరైనా ఇలాంటి సంగతి దాచారని తెలిస్తే ఏం చేసేదో ఆమెకు బాగా తెలుసు. ఎర్ర పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఓర్విల్ పేరు మీద గీత కొట్టింది. దాని కింద తన పేరు రాసింది. కుడివైపు, "1974లో చూడాలనుకున్నదే చూసింది" అని రాసి, సిరా ఆరేదాకా అలాగే కూర్చుంది.

శనివారం సలైనాలో సంత మైదానం హాలు నిండా బల్లలు. గుమ్మం దగ్గర ప్రతి తుపాకికీ పేలకుండా ప్లాస్టిక్ తాడు బిగించి లోపలికి పంపుతున్నారు. తాడు కట్టే మనిషి సాసేజ్ మిషను చూసి, "దీనికి ఎక్కడ కట్టమంటావు అల్వీనా?" అన్నాడు. "నీ నోటికి కట్టుకో," అని లోపలికి నడిచింది. ఏటా మొదటి బహుమతిగా నీలం రిబ్బను వచ్చే తన బల్ల మీద పచ్చ మఖ్మల్ గుడ్డ పరిచింది. మధ్యలో సాసేజ్ మిషను బోర్లించి పెట్టింది. పక్కన తన రివాల్వర్, పిడి విప్పి. దాని ముందు కొత్త కార్డు: 'మామూలు రకం. మూడుసార్లు చెడిపోయింది.'

వెర్నన్ ఆ కార్డు చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. జనం మూగారు. అల్వీనా చెప్పింది. చుక్కలు ఫ్యాక్టరీవి కావు. ఈ నాలుగు జిల్లాలకూ బాగుచేసే చెయ్యి ఒకటే, ఆంటన్ వాసింగర్‌ది. ఒక్కో మరమ్మతుకు ఒక చుక్క కొట్టేవాడు, ఒక పుంజు పట్టుకెళ్లేవాడు. వీళ్లందరూ అన్నిటికన్నా గొప్పదని ముద్దు చేస్తున్న రకం, స్ప్రింగు అన్నిటికన్నా ఎక్కువసార్లు విరిగిన రకం.

ఒకేసారి అందరూ అరిచారు.

మూడు చుక్కలది ఉన్న గ్లెన్ మాకీ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొహం కందగడ్డలా అయింది. "నాకు తెలుసు నీ ఎత్తు. మా అందరివీ పనికిరానివని చాటి, తర్వాత ఒక్కొక్కటే చౌకగా కొట్టేద్దామని! నలభై ఏళ్లు నమ్మించావు, ఇప్పుడిదా?"

"నీది ఊరికే ఇచ్చినా నాకొద్దయ్యా గ్లెన్. నాలుగోసారి ఎప్పుడు విరుగుతుందో ఎవరికి తెలుసు?"

కొందరు నవ్వారు. గ్లెన్ నవ్వలేదు. "ఆ మిషనుకి చుక్కలు నువ్వే కొట్టి ఉంటావు."

అల్వీనా మొహంలో మొదటిసారి ఏదో మెత్తబడింది. మంగళవారం తను అన్న మాటే అది. కుర్చీ అతనివైపు జరిపింది.

"కూర్చో. భూతద్దం తెచ్చుకున్నావా? చూడు. ఎంతసేపైనా చూడు."

గ్లెన్ ఇరవై నిమిషాలు చూశాడు. తన రివాల్వర్ తెచ్చి పక్కన పెట్టుకుని చూశాడు. వెలుగు అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఒకసారి వేలిగోటితో గుంటలోని జిడ్డు గీకి వాసన కూడా చూశాడు. అంతసేపూ ఎవరూ అక్కణ్నుంచి కదల్లేదు. చివరికి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. పైజేబులోంచి నూనెగుడ్డ తీశాడు. ఇంకొకరి తుపాకి పట్టుకుంటే వేలిముద్రలు తుడిచి తిరిగివ్వడం వాళ్లలో మర్యాద. అబద్ధపు సరుకును ఎవరూ తుడవరు, అలాగే వదిలేస్తారు. గ్లెన్ సాసేజ్ మిషనును కాళ్లనుంచి పిడిదాకా తుడిచి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు.

"రెండు పుంజులు," అన్నాడు.

"రెండు," అంది అల్వీనా.

నీలం రిబ్బను ఆ ఏడాది ఇంకెవరికో వెళ్లింది. ఓర్విల్ వెనకనుంచి చెయ్యెత్తి, "అయితే మరి నాది?" అన్నాడు.

"నీది నిజమైనదేనయ్యా. నిజంగానే మూడుసార్లు చెడిపోయింది."

అతను సంతోషపడ్డాడు. "మా ఆవిడ చెప్పేది. వాళ్ల తాత దాంతో ఒక్క కుందేలుని కూడా కొట్టలేకపోయాడట. చేతగానివాడని ఊరంతా నవ్వేవాళ్లు. తుపాకిదా తప్పు! ఇది మా ఆవిడ విని ఉంటే బాగుండేది."

నాలుగో ముద్రణ శీతాకాలంలో వచ్చింది. అందులో తొమ్మిదో రకం లేదు. ఎనిమిది తర్వాత పది. అరవై రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క మాత్రం ఉంది: తోకలున్న చుక్కల గుర్తులు వాసింగర్ అనే కమ్మరి మరమ్మతులవి, సాసేజ్ మిషను ఆధారంగా గుర్తించినవారు అ. రోలీడర్. అల్వీనా దాన్ని భూతద్దంతో చదివి, 'గుర్తించినవారు' అన్నచోట వెర్నన్ వెటకారం ఉందేమోనని ఎర్ర పుస్తకంలో రాసింది. సంఘంలో మాత్రం ఇప్పుడు ఎవరూ రోలీడర్ రకం అనరు, మూడు పుంజుల రకం అంటారు. ఓర్విల్ మంగళవారాల్లో బీరాక్‌లు తినడానికి వస్తుంటాడు. అతని పేరు మళ్లీ పుస్తకంలోకెక్కింది, ఈసారి కుడివైపు ఏముందో చూడనివ్వడం లేదు.

ఇదంతా రాసి, వంటింట్లో ఆవిడ ముందు కూర్చుని చదివాను. పిండి పిసుకుతూ మొదట్నుంచి చివరిదాకా విన్నది. చివర్న చేతులు తుడుచుకుంది.

"మొదటి వాక్యం కొట్టెయ్యి. పక్కటెముక అసలుదేనే, ఆదాముదే. కొత్తది దాని చుట్టూ ఉన్న చట్రం. పదో తరగతి తప్పినదానివి, రాసేముందు నన్నడగాలని తెలీదూ?"